ఎర్ర బొట్టు పళ్ళాలు

పళ్ళాల అంచున ఎర్ర రంగు బొట్లు పెట్టింది తన చెయ్యే. అది తలుచుకుంటే నరసింహమ్మకు తన మీద తనకే రోత పుట్టేది.

ఆళ్లగడ్డలో ఆ హాస్టలు పెట్టింది నంద్యాల రంగనాయకమ్మ ధర్మనిధి వాళ్ళు. కొండమీది చెంచు పిల్లలూ, కింది ఊళ్ళ రైతుల పిల్లలూ ఒకేచోట చదవాలి, ఒకే బంతిన తినాలి అని గోడమీద పెద్దక్షరాలతో రాయించారు. రాత వరకూ బాగానే ఉంది. తిండి దగ్గర మాత్రం రైతుల పిల్లలు హాల్లో, చెంచు పిల్లలు వెనక వసారాలో. పళ్ళాలు కలిసిపోతున్నాయని రైతులు గొడవపడితే, చెంచు పిల్లల పళ్ళాలకు బొట్లు పెట్టమని వార్డెను శేషయ్య రంగు డబ్బా తెచ్చి వంటమనిషి నరసింహమ్మ ముందు పెట్టాడు. ఆమె చెంచు మనిషే. కూతురు శివమ్మ అక్కడే ఏడో తరగతి. కొండ దిగి అంతదాకా చదివిన ఆడపిల్ల వాళ్ళ గూడెంలో ఇంకొకతె లేదు.

"పెడతావా, బిడ్డను తోలుకొని పోతావా?" అన్నాడు శేషయ్య. పెట్టింది.

డెబ్బై తొమ్మిది మార్చిలో, శివమ్మ పరీక్షలకు ఇంకా మూడు వారాలున్నాయనగా, ధర్మనిధి అధ్యక్షుడు మద్దిలేటప్ప నంద్యాల నుంచి కార్లో దిగాడు. వెంట ఒక ఫోటోగ్రాఫరు. శేషయ్య ముందే జాగ్రత్తపడి విస్తర్లు కుట్టించాడు, చెంచు పిల్లలను హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టాడు. పెద్దమనిషికి ఆ విస్తర్లు నచ్చలేదు.

"ఇవెందుకప్పా? పిల్లోళ్ళు దినామూ తినే తట్టలే తెప్పించు. నేనూ దాంట్లోనే తింటా. మాయమ్మ పేరు పెట్టిన చోట తేడాలేందీ?"

శేషయ్య ముఖం మాడిపోయింది. హడావిడిలో ఎవరి ముందు ఏ పళ్ళెం పడిందో చూసేవాళ్ళు లేరు. మద్దిలేటప్ప శివమ్మ పక్కన చతికిలబడి, సంగటి తుంచి పప్పులో అద్ది, నోటిదాకా ఎత్తాక అంచు చూశాడు.

"ఈ ఎర్రబొట్టు ఏందమ్మా?"

శివమ్మకు దాచడం చేతకాదు. "అది మా తట్ట సార్. మేము ఎనక వసారాలో తింటాం గదా, కలిసిపోకూడదని పెట్టినారు."

ముద్ద పట్టిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అట్లనే ఉండండి సార్!" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆయన అట్లానే ఉన్నాడు, నవ్వాడు కూడా. ఫోటో అయిపోగానే ముద్ద పళ్ళెంలో వదిలేసి, కడుపులో మంటగా ఉందంటూ లేచాడు.

పెరట్లో ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది నరసింహమ్మే. మూడుసార్లు సబ్బు రుద్దుకున్నాడు. వేలి సందులు కడిగాడు. సంగటి అంటని ఎడమచేతిని కూడా కడిగాడు. అయినా ఆమె ఒక్క క్షణం ఆశపడింది, పిచ్చిది. ఇప్పుడైనా శేషయ్యను నాలుగు తిట్టి, పిల్లల బంతులు కలుపుతాడేమో అనుకుంది.

తువ్వాలుతో తుడుచుకుంటూ, ఆమె అక్కడ లేనట్టే, శేషయ్యతో అన్నాడు పెద్దమనిషి.

"బొట్టు పైకి కనపడేటట్టు పెడతారా ఎవురన్నా? అడుగున పెట్టించప్పా."

కారు కదలగానే రంగు డబ్బా మళ్ళీ బయటికొచ్చింది. "పైవి గీకేసి అడుగున పెట్టు. పొద్దుగూకే లోపల కావల్ల," అన్నాడు శేషయ్య. నరసింహమ్మ పళ్ళాలన్నీ పెరట్లోకి మోసుకుపోయింది.

సాయంత్రం తిండి గంట కొట్టారు. శేషయ్య ఒక పళ్ళెం తిప్పి చూశాడు. ఇంకొకటి తిప్పాడు. గబగబా నాలుగైదు తిప్పాడు. అన్నిటికీ అడుగున అరచేతంత ఎర్ర రంగు. అతని సొంత స్టీలు పళ్ళానికి కూడా. పచ్చి రంగు అంటిన వేళ్ళను పంచెకు తుడుచుకున్నాడు. అది వదల్లేదు.

"ఏందే ఇది? రేపే నీ బిడ్డను కొండకు తరుముతా!"

నరసింహమ్మ సంగటి కుండను వసారాలోకి కాదు, హాలు నడిమికి తెచ్చి దించింది. వసారా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న శివమ్మ, తన పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా పళ్ళెం కోసం చెయ్యి చాపింది.

"తరుముదువులే అయ్యా. పిల్లోళ్ళు ఆకలితో ఉండారు. ముందు మా తట్టలేవో నువ్వే ఏరు."