మూడువేల నూట నలభై లీటర్లు

రేకుపని పరీక్షలో ఇరవై మార్కులు వస్తే పాసు. ట్యాంకుల మేస్త్రికి పంతొమ్మిది వచ్చాయి. ఆయన దగ్గరే పని నేర్చుకున్న కూతురికి సరిగ్గా ఇరవై. పాసు కాగితం లేనివాళ్ళు వచ్చే నెల నుంచి షెడ్డులో అడుగు పెట్టొద్దని యజమాని తెగేసి చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా రేకు వంచి బతుకుతున్న మనిషి, కూతుర్ని వెంటబెట్టుకుని పరీక్షల ఆఫీసు మెట్లెక్కాడు.

"పన్నెండో ప్రశ్న తప్పయ్యా నీది," అన్నాడు ప్రశ్నపత్రం తయారుచేసి దిద్దిన సారు. "మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న గుండ్రటి ట్యాంకులో ఎన్ని నీళ్ళు పడతాయంటే ఏడువందల ఎనభై అయిదు లీటర్లని రాశావు. క్యాలిక్యులేటర్ ఇచ్చాంగా, నొక్కలేదా?"

"నొక్కేదేముంది సార్, రోజూ చేసే ట్యాంకేగా!"

సారు తనే నొక్కి చూపించాడు. మూడువేల నూట నలభై.

మేస్త్రి పకపకా నవ్వాడు. సారు నవ్వలేదు. మేస్త్రి నవ్వు ఆపాడు.

"సార్, అన్ని వైపులా మీటరున్న పెట్టెలో వెయ్యి లీటర్లేగా పట్టేది?"

"అవును."

"గుండ్రటి ట్యాంకు ఆ పెట్టెలో దూరిపోతుంది, మూలలు ఖాళీగా మిగుల్తాయి. దాంట్లో మూడువేలు ఎలా పడతాయి? నీళ్ళు మడతపెట్టి పోస్తారా?"

సారు మళ్ళీ నొక్కాడు. అదే అంకె. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. అదే. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"సగం వెడల్పు వేయాల్సిన చోట మొత్తం వేశాను," అని గొణిగాడు. "పాసైనవాళ్ళంతా ఇదే రాశారయ్యా. నీ కూతురు కూడా."

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. ఆ సైజు ట్యాంకుల మీద ఏడువందల ఎనభై అయిదని రంగుతో రాసేది ఆ పిల్లే.

"నీ చేత్తో రాసే అంకె కదే తల్లీ!"

"అది షెడ్డు నాన్నా. ఇది పరీక్ష. నొక్కాను, వచ్చింది రాశాను. వచ్చినదాన్ని అనుమానించమని ఎవరు చెప్పారు?"

సారు తెల్లకాగితం ముందుకు తోశాడు. "ప్రశ్నకి జవాబు తప్పని రాసివ్వు, మారుస్తాను. కానీ మారిస్తే అందరికీ మార్చాలి."

"నన్ను ఫెయిల్ చేయిస్తావా నాన్నా?"

మేస్త్రి కూతురి కళ్ళలోకి చూశాడు. ఏ అంకె కనబడితే ఆ అంకెను నమ్మే కళ్ళు. పెన్ను అందుకుని వంకర అక్షరాలతో రాయసాగాడు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు పూర్తిగా దిగిపోయేదాకా తలెత్తలేదు.