దద్దుర్ల మీద ఐసు

ఆ రోజు కూతురు తెమల్చాల్సిన పనులు ఇవి: నీళ్ళు పట్టాలి, అమ్మ రబ్బరు బూట్లు కడిగి ఎండలో పెట్టాలి, ఉద్యోగం దరఖాస్తుకు ఫోటో అంటించాలి, అమ్మ దద్దుర్ల గురించి డాక్టరును అడగాలి. చివరి పని మూడు వారాలుగా చివరే ఉండిపోతోంది.

అమ్మది చేపల షెడ్డులో పని. పొద్దుటి నుంచీ ఐసులో చేతులు పెట్టి చేపల్ని సైజుల వారీగా వేరుచేస్తుంది. ఇంటికొచ్చి కూర్చోగానే చేతుల మీద దోమకాటులా మొదలై అరచేయంత దద్దుర్లు లేస్తాయి. రెండు గంటల్లో మచ్చైనా మిగలకుండా మాయమవుతాయి. ఒంటికి చేపలు పడటం లేదని వాడంతా తీర్పు చెప్పింది. అమ్మ చేపలు తినడం మానేసింది. దద్దుర్లు మానలేదు.

"రోజంతా వాటితోనే కాపురం, నోట్లో మాత్రం పెట్టకూడదట. ఏం రోగమే ఇది!" అని గోక్కుంటూనే నవ్వేది.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది కూతురొక్కతే. ఏ కాగితం వచ్చినా, ఏ నొప్పి వచ్చినా ఆమెనే అడుగుతారు. తెలియదని చెప్పడానికి ఆమెకు నోరు రాదు. దురదకు చల్లదనం మంచిదని ఎక్కడో చదివింది. ఆ సాయంత్రం కొట్టు నుంచి ఐసు తెచ్చి, గుడ్డలో చుట్టి అమ్మ చేతులకు అద్దింది.

"హాయిగా ఉందే. చదువంటే ఇదీ!" అంటూ అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

పది నిమిషాలు కాలేదు, పెదవి ఉబ్బింది. మాట ముద్దగా వచ్చింది.

"గొంతు... పట్టేస్తోందే."

కూతురు "అమ్మా, అమ్మా!" అని అరిచింది. ఆగకుండా ఇంకా ఐసు అద్దింది. ఆ గాభరా విని పక్కింటి పొట్టత్త పరుగెత్తుకొచ్చింది. ఆవిడదీ అదే షెడ్డు.

"చేప ముక్కయినా తినలేదత్తా, ఒట్టు!"

"తిన్నది కాదే, ఒంటికి ఏం తగిలింది?"

"ఐసు..."

"పారెయ్ ముందు! తూకం దగ్గర కూర్చున్న రోజు దీనికి ఒక్క దద్దురూ లేవలేదు. అక్కడా చేపలు ముట్టుకుందిగా, ఐసు ఒక్కటే లేదు! అదే నేనంటే, పెద్ద డాక్టరమ్మ వచ్చిందని నవ్వారు."

అంటూనే వీధిలోకి ఉరికి ఆటో ఆపింది.

ఆసుపత్రిలో అమ్మ తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. కూతురు మంచం పట్టుకుని అమ్మ రొమ్ము లేచి పడటాన్నే చూస్తూ నిలబడింది. అరగంటకు గొంతు తెరిపినపడింది.

"నా ఊపిరి లెక్కపెట్టడానికా డిగ్రీ చదివావు?" అంది అమ్మ. కూతురు భోరుమంది.

వారం తర్వాత డాక్టరు అమ్మ ముంజేతి మీద ఐసు ముక్కను ఐదు నిమిషాలు ఉంచి తీశారు. కాసేపటికి అక్కడ అదే ఆకారంలో ఎర్రగా దద్దురు పొంగింది.

"చల్లదనం తగిలితే ఒళ్ళు తిరగబడుతోంది. ఐసూ, చన్నీళ్ళ స్నానం, చల్లటివి తాగడమూ వద్దు. మళ్ళీ పెదవి గాని గొంతు గాని ఉబ్బితే క్షణం ఆగకుండా రండి."

"నేనే అద్దానండీ," అంది కూతురు తల దించుకుని.

"చాలామందికి ఐసు పెడితే దురద తగ్గుతుందమ్మా. మీ అమ్మకే పెట్టకూడదు."

అమ్మ ఇప్పుడు తూకం దగ్గర పనిచేస్తోంది. అయినా అమ్మ గ్లాసు ఎత్తితే చాలు, కూతురు ముందు దాన్ని వేలితో తాకి చూస్తుంది. చదువుకున్న పిల్ల కాబట్టి తల్లిని దక్కించుకుందని వాడంతా మెచ్చుకుంటోంది. కాదు మొర్రో అన్నా వినరు. కనీసం మీరైనా పొట్టత్తను గుర్తుపెట్టుకోండి.