ముందు ‘వద్దన్నయి’

హార్డ్ డిస్క్ పోతున్న లాప్‌టాప్ నా బల్ల మీదికి వస్తే ముందుగా ఒకటే అడుగుతాను: “మొదట ఏది కావాలి?” దిల్‌సుఖ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా నాది ఇదే వ్యాపారం. అలాంటి డిస్క్ ఇంకా ఎంతసేపు చదవనిస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండు గంటలే ఉన్నాయనుకుని, విలువైనది ముందు బయటికి లాగాలి. జవాబును బట్టి మనిషిని అంచనా వేయడం నాకు అలవాటు. ఇళ్లవాళ్లు ఫోటోలంటారు, షాపులవాళ్లు బిల్లులంటారు.

మొన్న మంగళవారం పొద్దున చంపాపేట్ నుంచి అండాలమ్మ వచ్చింది. జాకెట్ల మీద కంప్యూటర్ మిషన్‌తో ఎంబ్రాయిడరీ చేసే షాపు ఆమెది. పువ్వులు, నెమళ్లు అన్నీ లాప్‌టాప్‌లో తనే గీస్తుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కు పెడితే సూది అవే గీతల మీద నడుస్తుంది.

“పట్టాభన్నా, జర చూడు. టకటక సప్పుడు చేస్తున్నది. పదకొండేండ్ల డిజైన్లు దీంట్లనే ఉన్నయి.”

“ఇంకెక్కడా కాపీ లేదామ్మా?”

“ఉన్నది ఒక్క పెన్‌డ్రైవ్. కుట్టుడు కాంగనే తుడిచేసి ఇంకోటి ఏస్తం.”

అడుగు మూత విప్పాను. ఫ్యాన్ రెక్కలకు బంగారు రంగు జరీ పోగులు చుట్టుకుని ఉన్నాయి. ఇవి ఇంత లోపలికి ఎలా వచ్చాయా అనిపించింది.

“దీన్ని ఎక్కడ పెడతారు?”

“మిషన్ బల్ల మీద్నే. పక్కపక్కన లేకపోతే ఎట్ల?”

“మిషన్ నడుస్తున్నప్పుడు కూడానా?”

“పొద్దుగాల షురూ చేస్తే మాపటిదాంక అది ఆగేదెక్కడ?”

ఆ డిస్క్‌లో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది. దానికి తగలకుండా, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో ఒక ముల్లు కదులుతుంటుంది. నిమిషానికి ఎనిమిది వందల కుట్లు వేస్తూ బల్లనంతా అదరగొట్టే మిషన్ పక్కన దాన్ని రోజూ పది గంటలు కూర్చోబెట్టింది. ఇన్నాళ్లు బతకడమే వింత.

“ఫ్రిజ్‌ల పెడ్తే నడుస్తదంట గదా? మా ఆడిబిడ్డ చెప్పింది.”

“బెండకాయలైతే నిలవుంటాయి, పెట్టమనండి.”

నవ్వింది కానీ కళ్లు డిస్క్ మీదే ఉన్నాయి. దాన్ని ఊడదీసి నా కంప్యూటర్‌కు తగిలించాను. రెండే ఫోల్డర్లు. ‘కుట్టినయి’లో తొమ్మిది వందల పన్నెండు డిజైన్లు, ‘వద్దన్నయి’లో రెండు వందల పద్నాలుగు. ఒక్కొక్కటి చిన్న ఫైలే, కానీ చెడిన చోట తగిలితే ఒక్కదానికే పది నిమిషాలు పట్టవచ్చు. నా వేలు అప్పటికే ‘కుట్టినయి’ మీద ఉంది.

“మొదట ఏదమ్మా?”

“వద్దన్నయి.”

సరిగ్గా విన్నానా అని ఆమె ముఖం చూశాను. “గిరాకీ వచ్చినవి వదిలేసి, ఎవరూ తీసుకోనివా?”

“కుట్టినయి యాడికి పోతయన్నా? సైదాబాద్ల, బడంగ్‌పేట్ల ఆడోళ్ల ఒంటి మీద తిరుగుతున్నయి. ఫోటో తీస్కొని మల్ల గీస్త. వద్దన్నయి ఎవరి బీరువాల లెవ్వు. దీంట్లకెల్లి పోతే పోయినట్టే. రేటెక్కువన్నరు, రంగు కలువలేదన్నరు, పక్కకు వెట్టిన. ఇయ్యాల వద్దన్నదే రెండేండ్లకు ఏరి కోరి అడుగుతరు.”

వేలు ‘వద్దన్నయి’ మీదికి జరిపాను. ఇన్నేళ్లూ విలువను అమ్ముడుపోయిన దాంతోనే కొలిచాను. మళ్లీ దొరుకుతుందా దొరకదా అన్నది నా లెక్కలోకి రానేలేదు.

మధ్యాహ్నానికి ‘వద్దన్నయి’లో రెండు తప్ప అన్నీ వచ్చాయి. తర్వాత ‘కుట్టినయి’ మొదలుపెట్టాను. ఐదు వందల డెబ్బై ఎనిమిది దాకా లాగాక టకటక ఆగిపోయింది. చల్లారనిచ్చి రెండుసార్లు తగిలించి చూశాను. అసలు డిస్క్ ఉన్నట్టే చూపించడం లేదు.

“అయిపాయెనా?”

“అయిపోయిందమ్మా. ల్యాబుకు పంపొచ్చు. నెల పడుతుంది, వస్తుందన్న హామీ లేదు.”

స్టూలు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. “రాకపోయినయి ఏమేమి?”

అందని మూడు వందల ముప్పై నాలుగు ఫైళ్ల పేర్లు తెర మీద చూపించాను. ప్రతి పేరులోనూ మనిషి, ఊరు, బొమ్మ: ‘ఈరమ్మ సైదాబాద్ జంట నెమళ్లు’, ‘బిందుమాధవి బడంగ్‌పేట్ తామర’. ఫోల్డర్లకు రెండే పేర్లు పెట్టిన మనిషి ఫైళ్లకు ఇంత వివరంగా ఎందుకు పెట్టిందో అప్పుడర్థమైంది.

“గీ లిస్టు ప్రింట్ కొట్టియ్యన్నా.”

కాగితాలు చేతికి అందగానే ఫోన్ తీసింది.

“ఈరమ్మక్కా, మంచిగున్నవా? నెమళ్ల జాకెట్ ఉన్నదా? ... ఏందీ, పడ్తలేదా? మంచిదాయె, రేపు షాపుకు తీస్కరా, వదులు జేసిస్త. పైసలొద్దు. ఒక్క ఫోటో తీస్కుంట, గంతే.”

పెన్నుతో మొదటి పేరు పక్కన గీత పెట్టి రెండో నంబరు వెతుకుతోంది. నేను ఆమె లాప్‌టాప్ కోసం, తిరిగే భాగమే లేని కొత్త డిస్క్ పెట్టె విప్పాను.