నా తరఫున ఆయన

మాసిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే మా ఆయన వెనకనుంచి కేకేశారు. "రేపు ఆఫీసులో నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను చూసుకుంటాలే!" అబ్బో, ఎంత దయో! ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచీ నా తరఫున అన్నీ ఆయనే చూసుకుంటున్నారు మరి. ఒక్క బట్టలు తప్ప.

మా భవనంలో బట్టలుతికే మిషన్లు అందరికీ కలిపి కింది అంతస్తులో ఉంటాయి. "ఆడవాళ్ళ గోలలో నేనెందుకు" అని మా ఆయన ఆ గది గుమ్మం తొక్కరు. చెత్త తప్పుడు డబ్బాలో వేశామని పక్కింటాయన తలుపు కొడితే "నువ్వెళ్ళి ఏదో ఒకటి చెప్పు" అని టీవీ సౌండ్ పెంచుతారు. స్కూల్లో పాప టీచర్ పిలిచినా నేనే వెళ్ళాలి. ఆయన పనిచేసే గోడౌన్‌లో అందరూ మనవాళ్ళే, తెలుగులోనే జోకులు, తెలుగులోనే తిట్లు. ప్రభుత్వం పెట్టిన భాషా తరగతికి వెళ్ళొచ్చారు గానీ, ఆఫీసుల్లో నెట్టుకొచ్చేంత నేర్చుకుని ఆ పుస్తకం దగ్గరే ఆగిపోయారు. నాకేమో కింది గదిలో రిటైరైన బస్సు డ్రైవరమ్మ దొరికింది. నోరు గయ్యాళి, మనసు వెన్న. మిషన్ తిరిగినంతసేపూ నన్ను కూర్చోబెట్టి, పోయిన మొగుడి మీద చాడీలు చెప్పేది. అర్థం కాలేదంటే మళ్ళీ చెప్పేది, ఇంకాస్త ఘాటుగా. నేను మా అత్తగారి సంగతులు మొదలుపెట్టాక ఇక చూడాలి, భాష దానంతటదే వచ్చేసింది.

ఇంట్లో మాత్రం ఆ సంగతి బయటపెట్టలేదు. బయట సైగలతో నెట్టుకొస్తున్నాననే మా ఆయన నమ్మకం. వచ్చిన కొత్తలో భోజనానికొచ్చిన స్నేహితుల ముందు రెండు ముక్కలు ఆ భాషలో అన్నాను. మా ఆయన పగలబడి నవ్వి, నా గొంతు పెట్టి వెక్కిరించారు. అందరూ నవ్వారు. అది విని అత్తగారు ఫోన్లో "దానికెందుకురా ఆ భాష, కూరగాయల పేర్లు తెలిస్తే చాలదూ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్విన నోళ్ళకే మళ్ళీ మళ్ళీ వడ్డించాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ భాష ఎత్తలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళని ఊళ్ళోవాళ్ళతో కలపాలని ఇక్కడి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. భాష కాస్త నేర్పి, పాత చదువుకి తగ్గ పనిలో శిక్షణ ఇస్తారు. పిల్లల్ని చూసుకునే ఏర్పాటూ వాళ్ళదే. ఇక్కడికి రాకముందు నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేదాన్ని. "ఊపిరి బిగబట్టండి" అని నేనంటే ఎంత పెద్దమనిషైనా బిగబట్టాల్సిందే! ఆ పనిలోకి మళ్ళీ వెళ్ళాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఇంటికొక్కటే సీటు. దాన్ని మొన్ననే వచ్చిన తన తమ్ముడికి ఇప్పించాలని మా ఆయన తీర్మానించేశారు. "వాడు మగపిల్లాడు, వాడి జీవితం నిలబడాలి. నీకేం తక్కువ?" అన్నారు. నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ మరిది కూడా "అవునొదినా, నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. ఇంటికొక సీటని రూలు రాసినవాళ్ళు, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఒక్కసారైనా అడిగారా?

సీటు మరిదికి ఇవ్వాలంటే, ఇంట్లో అర్హత ఉన్న ఇంకో మనిషిగా నా ఒప్పుకోలు కావాలట. అందుకే మర్నాడు తమ్ముడితో పాటు నన్నూ ఆ ఆఫీసుకి తీసుకెళ్ళారు. ఇంట్లో ఒకరికి భాష వస్తే ఆ ఆఫీసులో వేరే దుబాసీని పెట్టరు. అధికారిణి నావైపు తిరిగి వాళ్ళ భాషలో అడిగింది. "మీరేం పని చేసేవారు? ఈ సీటు వదులుకోవడం మీకిష్టమేనా?"

మా ఆయన నా చెవి దగ్గరికి వంగారు. "ఎలా ఉన్నావంటోంది. బాగున్నానను."

నేను తెలుగులోనే తాపీగా చెప్పాను. "నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని. సీటు నాకు కావాలి. ఎవరికీ ఇవ్వను." ఆయనకో అవకాశం ఇచ్చాను, ఆ మాత్రం మర్యాద నాకుంది. ఆయన నన్నోసారి గుర్రుగా చూసి, ఆవిడవైపు తిరిగి ఆ భాషలో "మా ఆవిడకి ఇంట్లోనే హాయిగా ఉందట. సీటు మా తమ్ముడికే ఇమ్మంటోంది" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారనీ! డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, ఇదే గదిలోనూ నా మాటలు ఎన్ని ఇలా దారిలోనే మాయమయ్యాయో. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. భయమూ వేయలేదు.

"నేనన్నది అది కాదండీ" అన్నాను, ఆవిడ భాషలోనే. "నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని. ఆ సీటు నాకు కావాలి." బస్సు డ్రైవరమ్మ యాస దండిగా పడినట్టుంది, అధికారిణి నవ్వాపుకుంది.

మరిది నోరు వెళ్ళబెట్టాడు. మా ఆయన పళ్ళు నూరుతూ తెలుగులో "పరువు తీస్తున్నావ్. నోర్మూసుకో. ఇంటికెళ్ళాక మాట్లాడదాం" అన్నారు.

"ఏమంటున్నారు ఆయన?" ఈసారి ఆవిడ నన్నడిగింది.

మా ఆయన నావైపు చూశారు. చెప్పొద్దని బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. జాలేసింది, నిజంగానే వేసింది. కానీ ఆయనలా సగం మింగేసి చెప్పడం నాకు చేతకాదు.

"నేను ఆయన పరువు తీస్తున్నానట. నన్ను నోరు మూసుకోమంటున్నారు. ఇంటికెళ్ళాక మాట్లాడదామంటున్నారు" అని అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

"మరి మీరేమంటారు?"

కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"ఇక్కడే మాట్లాడదామంటాను."