గాలివాన గీత చివర

కృష్ణకు పెద్ద వరద వచ్చి దివిసీమ లంకలు మునిగిన ఏడు అది. నీళ్లు తీశాక, మంగినపూడి పక్కన మా పల్లె నుంచి నా కొడుకు వేటకు వెళ్లాడు. తెల్లారేసరికి రావలసిన పడవ మధ్యాహ్నమైనా రాలేదు. గాలి ముదిరింది. ఒడ్డుకు వెళ్తాను, ఇంటికి వస్తాను, మళ్లీ వెళ్తాను. కాలు నిలవలేదు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. వేటకు వెళ్లిన మనిషి ఒడ్డెక్కేదాకా పేరు పలకం. "వెళ్లినవాళ్లు" అంటాం, అంతే.

బడి నుంచి అన్నానికి వచ్చిన మనవరాలు మాధవి కంచం ముందు కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"తాతా, నేను గీసింది టీచరు గోడకి అంటించింది! మధ్యలో సముద్రం అని రాసి చుట్టూ సున్నా. దానికి కొమ్మలు. వలలు ఒకటి, చేపలు ఒకటి, గాలివాన ఒకటి. మైండ్ మ్యాప్ అంటారంట."

"గాలివానకి ఏం రాశావే?" అంది కోడలు అంకమ్మ.

"నాన్న పేరు. పోయినేడు గాలివానలో పడవ లాక్కొచ్చాడుగా. అదంతా చెప్పా."

అంకమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"నీ చేతులు పడిపోను! మనిషి నీళ్ల మీదుంటే పేరు రాస్తావా? అదీ గాలివానకి తగిలించి! మావా, నువ్వెళ్లి ఆ కాగితం చింపేసి రా."

కండువా వేసుకుని బయల్దేరాను. పిల్ల అన్నం మానేసి నా వెనకే వచ్చింది.

టీచరు ప్రసన్నది గుడివాడ. నన్ను చూసి నవ్వింది.

"రండి తాతగారూ. మీ మాధవి ఇన్నాళ్లూ లేచి నిలబడితే నోరు విప్పేది కాదండీ. ఇవాళ ఆ కొమ్మల మీద వేలు పెట్టుకుంటూ గడగడా చెప్పేసింది."

"ఆ కాగితం ఇవ్వమ్మా."

"ఎందుకండీ? తప్పు రాసిందా?"

చెప్పాలంటే పేరు పలకాలి. గోడ దగ్గరికి వెళ్లాను. ఎర్ర గీత చివర నా కొడుకు పేరు. గీత అక్కడితో ఆగిపోయింది. కాగితం అంచు పట్టుకున్నాను. మాధవి నా చేతికేసే చూస్తోంది. వదిలేశాను.

"చింపావా?" ఇంటికి రాగానే అంకమ్మ అడిగింది.

"లేదు."

"బాగుంది! ముసలాయనకి కొడుక్కన్నా కాగితం ఎక్కువైంది."

ఆ పూట నాతో మళ్లీ మాట్లాడలేదు. పొద్దుగూకింది. పడవ రాలేదు. కళ్లు మూస్తే ఆ ఎర్ర గీతే. అక్కడెందుకు ఆగాలి?

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. ప్రసన్న వచ్చి తాళం తీసింది.

"అమ్మా, ఆ కొమ్మకి ఇంకో కొమ్మ వెయ్యొచ్చా?"

"ఎన్నైనా వెయ్యొచ్చండీ."

ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాను. నా చదువు మూడో తరగతితో సరి. కొడుకు పేరు దగ్గర మొదలెట్టి కాగితం అంచుదాకా గీత లాగాను. గీత వంకర పోయింది. దాని చివర 'ఇల్లు' అని రాశాను.

పెన్ను ఇచ్చేసి ఒడ్డుకు నడిచాను. అంకమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"ఇంటిదాకా గీశాను" అన్నాను.

ఆమె కొంచెం జరిగి, గాలి తగలకుండా తన పక్కన నాకు చోటిచ్చింది. ఇద్దరం నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాం.