పెద్ద డ్రమ్ము, జమున చప్పట్లు

ఏ సంగతైనా సగం తెలిసి సగం తెలియకపోతే జమునకు ఆ పూట అన్నం సహించదు. కోరుట్లలో ఆ వాడ ఆడవాళ్లంతా చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూ సీరియల్ ముచ్చట్లు పెట్టుకుంటుంటే, ఆమె ఉన్నట్టుండి తునికాకు కత్తిరించడం ఆపి, "అయితే గా లిఫ్టు నడుమల ఆగితే లోపలున్నోళ్లు ఏం జేస్తరే?" అని అడిగే రకం. పక్కింటి లక్ష్మవ్వ ఆమెకు సీఐడీ అని పేరు పెట్టింది.

అలాంటి మనిషి కూతురు స్కూలు బ్యాండులో చేరితే ఇక ప్రశ్నలకు కొదవా? తొమ్మిదో తరగతి చదివే సౌమ్యకు పెద్ద డ్రమ్ము ఇచ్చారు. పంద్రాగస్టు నాడు జగిత్యాలలో, కలెక్టర్ ముందు వాయించాలి. మస్కట్‌లో ఉన్న తండ్రి గంగారాం ఫోన్లో, "నా బిడ్డకు అన్నిట్లకంటె పెద్దదే ఇచ్చిన్రు" అని మురిసిపోయాడు. జమున కూడా మురిసింది. డ్రమ్ము పట్టీ బిడ్డ భుజం కోయకుండా పాత చీర మడతపెట్టి మెత్త కుట్టింది. తెల్ల గ్లౌజులు రోజూ ఉతికి ఆరేసింది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి కనుక చప్పుడంటే ఆమెకు బెదురు లేదు. ఒక్కటే అర్థం కాలేదు.

"ఫ్లూటు పోరగాండ్లు పాట వాయిస్తరు. చిన్న డ్రమ్ములోళ్లు గడగడ కొడ్తరు. నువ్వేమో ఢాం అని ఒక్కటి కొట్టి ఊకుంటవు. గింత బరువు మోసేది గా ఒక్క దెబ్బకేనా?"

"ఎడమకాలు వడ్డప్పుడే కొట్టాలె అమ్మా. అందరు గది ఇనుకుంటనే నడుస్తరు."

"నువ్వు తప్పు కొడితె?"

సౌమ్య కంచంలో అన్నం కలుపుతూనే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదట బాగానే కొడుతుందట, పోనుపోను డ్రమ్ము ఉరుకుతుందట. దాని వెంట కాళ్లూ, పాటా ఉరికి, వెనక వరస పిల్లలు ముందువాళ్ల మడమలు తొక్కుతున్నారట. బుధవారం రిహార్సల్‌లో కూడా ఇట్లాగే అయితే డ్రమ్ము బ్యాండులోనే ఉన్న ఇంకో పిల్ల గీతకు ఇస్తానని పీఈటీ మధుకర్ సార్ చెప్పేశాడు.

"ఎందుకు ఉరుకుతుందే?"

"నాకెర్కనా? నేను ఉరికిస్తలేను. గదే ఉరుకుతుంది."

అదే ఎట్లా ఉరుకుతుంది? ఆ ప్రశ్న జమున నెత్తికెక్కి కూర్చుంది.

మరునాడు సాయంత్రం చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, ఎప్పటిలాగే లక్ష్మవ్వతోనూ మరికొందరితోనూ వస్తూ స్కూలు గోడ దగ్గర ఆగింది. అది వాళ్లకు అలవాటే. ఆ పొట్టి గోడ మీంచి కాసేపు పిల్లలను చూసి, నాలుగు చప్పట్లు కొట్టి పోతారు. ఇన్నాళ్లూ జమున చూసింది బిడ్డ మొహాన్ని. ఈ రోజు కాళ్లను చూద్దామనుకుంది.

చూస్తుంటే వింతగా తోచింది. బ్యాండు మూల మళ్లేటప్పుడు లోపలి పిల్లలు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంటే, బయటి పిల్లలు అంగలు సాచి వరసను అందుకుంటున్నారు. అయినా అందరి ఎడమకాలూ ఒక్కసారే పడుతోంది. సౌమ్య దెబ్బ పడితేనే పడుతోంది. ఒక్క దెబ్బే, కానీ బ్యాండు మొత్తం దాని మీదే నిలబడి ఉందని జమునకు అప్పుడు తెలిసింది. గర్వంతో ఛాతీ ఉబ్బింది. చేతులు వాటంతటవే కలిశాయి.

లక్ష్మవ్వ కూడా అందుకుంది. చప్పట్లు మొదట మెల్లగా, తర్వాత కొంచెం జోరుగా, ఆ తర్వాత ఇంకా జోరుగా సాగాయి. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు పాట సాగినకొద్దీ చేతులు ఎట్లా వేగం అందుకుంటాయో, అట్లా. సౌమ్య కళ్లు గోడవైపే, తల్లివైపే ఉన్నాయి. డ్రమ్మూ, దాని వెంట పిల్లల కాళ్లూ ఉరకడం మొదలైంది.

జమున తన చేతులవైపు చూసుకుంది. కాలినట్టు విడదీసింది. దొంగ దొరికింది, దొరికిందెవరంటే సీఐడీయే.

పిల్లలు పోయాక లోపలికి వెళ్లి సార్‌తో చెప్పింది. "తప్పు మాదే సార్. పుట్టినకాడికెల్లి బతుకమ్మ ఆడిన చేతులు, గట్లనే ఉరుకుతయి. ఇగ మేం రాం."

సార్ ఒక నవ్వు నవ్వి, తర్వాత ఆలోచనలో పడ్డాడు. "నేను గోడ దిక్కే చూడలే అక్కా. కని మీరు రాకుంటె గిక్కడ నడుస్తది. పంద్రాగస్టు నాడు జగిత్యాలల జనం చప్పట్లు కొడితె ఎవలను ఆపుత? బుధవారం మీరందరు రావాలె. బతుకమ్మకు ఎట్ల కొడ్తరో గట్లనే కొట్టున్రి. తట్టుకుంటె డ్రమ్ము సౌమ్యదే."

జమున సరేనని ఇంటిదారి పట్టింది. బిడ్డ చేతిలోంచి డ్రమ్ము ఊడగొట్టడానికి తనే పోవాలన్నమాట.

ఇంట్లో సౌమ్య బోర్లించిన బకెట్ నడుముకు కట్టుకుని వాకిట్లో నడిచింది, తల్లి చప్పట్లు కొట్టింది. బకెట్ ఉరికింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఉరికింది. మంగళవారం దాకా అదే తంతు. చివరికి జమున మెల్లగా అంది, "రేపు నేను ఉత్తగనే చేతులు ఆడిస్త తియ్యి. ఎవలకు ఎర్క?"

"నాకు ఎర్కుంటది." సౌమ్య మొహం ఎర్రబడింది. "నిజంగ కొట్టు అమ్మా. ఒట్టు వెయ్యి."

జమున ఒట్టు వేసింది.

బుధవారం గోడ పొడవునా ఆడవాళ్లు నిలబడ్డారు. ఈల మోగింది. ఢాం అని మొదటి దెబ్బ పడింది, బ్యాండు కదిలింది. సార్ చెయ్యి ఊపగానే చప్పట్లు లేచాయి. మెల్లగా, కొంచెం జోరుగా, ఇంకా జోరుగా. మొదటి మూల దగ్గర డ్రమ్ము ఒక్క క్షణం తొందరపడింది. జమునకు చేతులు ఆపేద్దామా అనిపించింది. ఒట్టు గుర్తొచ్చి పళ్లు బిగబట్టి ఇంకా జోరుగా కొట్టింది.

సౌమ్య తల దించి తన ఎడమకాలిని చూసుకుంది. తర్వాత తల ఎత్తింది, కానీ గోడవైపు కాదు. ఎదురుగా, ఎవరూ లేని దిక్కుకు చూస్తూ కొట్టింది. చప్పట్లు ఉరికాయి, డ్రమ్ము వాటి వెంట పోలేదు. లక్ష్మవ్వ తడబడి ఆగిపోయింది. ఒక్కొక్కరే ఆగారు. చివరికి జమున చప్పట్లే మిగిలాయి, ఎవరి అడుగుకూ అందకుండా.

బిడ్డ తల్లివైపు ఒక్కసారి కూడా చూడలేదు. తన చప్పట్లను బిడ్డ ఇట్లా పక్కన పెడితే ఇంత సంతోషం కలుగుతుందని జమున ఎన్నడూ అనుకోలేదు. ఆ సంతోషం వెనకే గుండెలో ఎక్కడో చిన్నగా నొప్పి కూడా పుట్టింది. ఆమె చేతులు ఆపుకుంది. సౌమ్య ఎడమకాలు నేలను తాకేదాకా ఆగి, ఆ దెబ్బ విని, అప్పుడు కొట్టింది.