కంకర మలుపు

అత్తయ్య మందుల సంచి, పాప పుస్తకాలు, ఆయన లంచ్ డబ్బా వెనకసీట్లో సర్ది నేను స్టీరింగు ముందు కూర్చుంటే చాలు, పక్కనుంచి ఆయన మొదలుపెట్టేవారు. "మెల్లగా. నీకసలే కంగారు." ఒకసారి వాననీళ్ల మీద కారు పక్కకు జారింది. ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా ఆ సంగతి చుట్టాలందరికీ చేరింది. భోజనాలకు ఎవరొచ్చినా అత్తయ్య, "మా కోడలి చేతిలో కారంటే కోతి చేతిలో కొబ్బరికాయే" అనేది. వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని. కానీ ఆనాటి నుంచి చినుకు పడితే అరచేతులు చెమర్చేవి. పాప వెనక కూర్చుంటే మరీనూ. ఆ భయమే నన్ను జారే దారుల్లో కారును అదుపు చెయ్యడం నేర్పే ర్యాలీ డ్రైవింగ్ బడికి తీసుకెళ్లింది. ఇంట్లో మాత్రం ఆఫీసు ట్రైనింగని చెప్పాను.

ఊరి చివర కంకర మైదానం. మలుపు అంచున పాత టైర్ల గుట్ట. నేర్పేది ఒకప్పుడు పోటీల్లో కారు నడిపిన నెరిసిన జుట్టావిడ. అందరూ అక్కా అనే పిలుస్తారు.

"మలుపులో కారు జారుతుంది, జారనీ. కంగారుపడి బ్రేకు తొక్కావంటే తిన్నగా గుట్టలోకే. గుట్టను చూడకు, దారిని చూడు."

తల ఊపాను. మలుపు రాగానే కాలు నా మాట వినలేదు. బ్రేకు తొక్కేశాను. కారు వెళ్లి టైర్లను గుద్దుకుని ఆగింది. భుజాలు బిగించి, తల దించుకుని కూర్చున్నాను.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?"

"లేదక్కా. తిడతారని."

ఆవిడ కిటికీలోంచి గుట్ట వైపు చెయ్యి చూపింది. "టైర్లు పెట్టిందే గుద్దడానికి. వెనక్కి తియ్యి."

మళ్లీ వెళ్లాను. హెల్మెట్‌లో నా ఊపిరి నాకే హోరులా వినబడుతోంది. కారు వెనకభాగం కొట్టుకుపోతున్నట్టు పక్కకు తిరిగింది. కాలు బ్రేకు వైపు లాగుతున్నా ఆపుకుని, దుమ్ములో దారిని వెతుక్కుంటూ స్టీరింగు తిప్పాను. ఎదురుగా దారి వచ్చింది. కారాపాను. భయం రవ్వంత కూడా తగ్గలేదు. భయపడుతూనే బండి నడపొచ్చని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

హెల్మెట్ తీస్తుండగా ఫోన్ మోగింది. ఆయనే.

"ఇంకా అవలేదా నీ ట్రైనింగు? అమ్మ అన్నానికి కూర్చుంది."

అలవాటైన అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేను ఆఫీసులో లేనండీ. జారే దారిలో కారు నడపడం నేర్చుకుంటున్నాను."

ఇక ఏమొస్తుందో నాకు తెలుసు.

"ఎవర్నడిగి వెళ్లావ్?" గొంతు పెంచకుండానే అన్నారు. "ముందు ఇంటికి రా, మాట్లాడదాం."

"వస్తాను. అత్తయ్యకు ఈ పూట మీరు వడ్డించండి. నాకు ఆలస్యమవుతుంది."

ఫోన్ కిటికీ దగ్గరికొచ్చిన అక్క చేతికిచ్చి హెల్మెట్ పెట్టుకున్నాను. గడ్డం కింది బకిల్ ఒకపట్టాన పడలేదు. పడ్డాక బండి స్టార్ట్ చేశాను.